నాలుగేళ్ల తర్వాత ఊరికి వెళ్తున్నావా తమ్ముడూ, మొదటి రోజు సూట్‌కేస్ తెరవకు

అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్‌లో ఏసీ టెక్నీషియన్‌గా చేస్తున్న. 4 ఏళ్ల తర్వాత మొదటిసారి 45 రోజుల సెలవు దొరికింది. ఏమేం తేవాలె, బంగారం ఎంత తేవచ్చు, ఎంత పైసలు పెట్టుకోవాలె, దోస్తులకు, చుట్టాలకు ఎట్ల చేయాలె? 2 ఏళ్ల కింద మా నాయిన చనిపోయినప్పుడు రాలేకపోయిన. ఇంట్ల అమ్మ, భార్య, 6 ఏళ్ల బాబు ఉన్నరు. ఏ నెలల రావాల్నో ఇంకా తేల్చుకోలేదు. మస్తు టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ,

నేను 21 ఏళ్లు గల్ఫ్‌లో ఉన్నాను. మొదట దమ్మామ్, ఆ తర్వాత దుబాయ్. ఇప్పుడు మెట్‌పల్లి దగ్గర సొంతూళ్లోనే ఉంటున్నాను. మధ్యలో 9 సార్లు సెలవుకు వచ్చిపోయాను. మొదటిసారి 2006లో వచ్చినప్పుడు బేగంపేటలో దిగాను, శంషాబాద్ విమానాశ్రయం ఇంకా మొదలు కాలేదు. ఆ 2 నెలల్లో నేను చేయని పొరపాటు లేదు. కింద చెప్పేవాటిలో సగం నా మీద నేను చెప్పుకునే చాడీలే అనుకో.

నువ్వు అడిగిన వరసలో జవాబివ్వను. బంగారం, పైసలు, దోస్తులు అన్నీ అడిగి నాన్న సంగతి చివర్లో ఒక్క ముక్కలో దాటేశావు. ఊళ్లో అలా దాటడం కుదరదు. నీ సెలవు దాంతోనే మొదలవుతుంది.

నువ్వు కారు దిగి గడపలో అడుగు పెట్టగానే ఏం జరుగుతుందో చెప్తాను. మీ అమ్మ ఏడుస్తుంది. ఫోన్లో విన్న ఏడుపు కాదది. నాన్న పోయిన రోజు నువ్వు లేవు కదా, ఆ రోజు మిగిలిపోయిన శోకం నిన్ను చూడగానే మళ్లీ మొదలవుతుంది. "నీ కొడుకొచ్చిండు, లేసి సూడవయ్యా" అని రాగం తీస్తుంది. ఆ గొంతు విని చుట్టుపక్కల ఆడవాళ్లు వస్తారు, వాళ్లూ కూర్చుని ఏడుస్తారు. చావుకు అందని మనిషి మొదటిసారి ఇల్లు చేరినప్పుడు మన దిక్కు ఇది ఉంటుంది. ఎన్నేళ్లయినా ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు కంగారుపడి "ఎందుకమ్మా ఇప్పుడు, ఊకో" అని ఆపబోతారు. ఆపకు. పక్కన కూర్చో. నీకు ఏడుపొస్తే ఏడువు, రాకపోతే తల వంచుకుని కూర్చో, ఎవరూ ఏమీ అనుకోరు. గంట పడుతుంది. తర్వాత ఎవరో ఒక పెద్దావిడ లేచి చెంబుతో నీళ్లు తెచ్చి అమ్మ ముఖం తుడుస్తుంది, "ఇగ పిలగానికి బువ్వ పెట్టు" అంటుంది. అక్కడికి ఇల్లు కొంచెం తేలికపడుతుంది.

ఆ పూట సూట్‌కేస్ తెరవద్దు. ఏడ్చి కళ్లు తుడుచుకున్న ఆడవాళ్లకు వెంటనే చాక్లెట్లు, సెంటు సీసాలు పంచడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో నేను కళ్లారా చూశాను. మా వాడలోనే ఒకతను అలా పంచాడు, పదేళ్లయినా ఆ మాట ఇంకా చెప్పుకుంటారు. బాబుకు మాత్రం ఒక బొమ్మ చేతి సంచిలో విడిగా పెట్టుకో. వాడికి శోకం తెలియదు, నిన్ను చూసి భయపడకుండా ఉండడానికి ఏదో ఒకటి కావాలి. సాయంత్రం నాన్న దగ్గరికి వెళ్లిరా. పొలం గట్టున పెట్టారో, వాగు ఒడ్డున దహనం చేశారో, అక్కడికే. దోస్తులను వెంటేసుకుని వెళ్లకు. ఒక్కడివే వెళ్లు, లేకపోతే బాబును తీసుకెళ్లు.

మరునాటి నుంచి ఇంకో పని ఉంటుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఈ 4 ఏళ్లలో ఊళ్లో ఎవరెవరు పోయారో అమ్మనడిగి లెక్క రాసుకో. ఎవరింటికి వెళ్లినా ముందు ఆ ఇళ్లకు వెళ్లాలి. 2009లో నేను ఒక దోస్తు ఇంటికి చేతిలో అత్తరు సీసా పట్టుకుని నవ్వుకుంటూ వెళ్లాను. వాళ్ల నాన్న పోయి అప్పటికి 8 నెలలు. నాకు తెలియదు, ఫోన్లో ఎవరూ చెప్పలేదు. వాడు ఏమీ అనలేదు, అత్తరు తీసుకున్నాడు, చాయ్ తాగించాడు. గోడ మీద ఫొటోకు దండ చూసేసరికి నా ప్రాణం చచ్చిపోయింది. ఆ తర్వాత మా మధ్య మాటలు మునుపటిలా లేవు. ఈ పరామర్శలకు ఉత్త చేతులతో వెళ్లినా పర్లేదు, పండ్లు తీసుకెళ్తే ఇంకా మంచిది. ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు. కానీ వెళ్లాలి.

ఇక ఏ నెలలో రావాలంటే, నన్నడిగితే పెత్ర అమాస (మహాలయ అమావాస్య) ముందు దిగేలా చూసుకో. ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు కదా. ఈ రెండేళ్లూ మీ నాన్న పేరు మీద ఎవరిచ్చారో నాకు తెలియదు, బాబాయో, మీ ఆవిడ బాబు చేత ఇప్పించిందో. ఈసారి నీ చేతులతో ఇస్తావు. చావుకు రాలేకపోయానన్న బరువు 45 రోజులు ఎంతమందితో మాట్లాడినా దిగదు, ఆ ఒక్క పూట ఆ పని చేస్తే కొంత దిగుతుంది. నాకు దిగింది. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడి నుంచి తొమ్మిది రోజులు ఊరంతా ఇళ్లలోనే ఉంటుంది, ఆ తర్వాత దసరా.

దసరా గురించి ఒక కిటుకు చెప్తాను. చుట్టాలకు, ఊరివాళ్లకు ఎట్ల చేయాలి అన్నావు కదా. దసరా సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని ఏ ఇంటికి వెళ్లినా అది బంగారమే. పెద్దవాళ్ల చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కితే అయిపోయింది. తోటివాళ్లతో అలయ్ బలయ్. మామూలు రోజుల్లో వెళ్తే "ఏం తెచ్చినవ్ రా దుబాయ్ నుంచి" అనేవాళ్లు ఆ రోజు అనరు. మూడు గంటల్లో నలభై ఇళ్లు తిరగొచ్చు, ఎవరికీ తక్కువ చేసినట్టుండదు. పాత అలకలున్న ఇళ్లకు కూడా ఆ రోజు వెళ్లొచ్చు, ఎందుకొచ్చావని అడిగేవాళ్లు ఉండరు. నేను ఈ సంగతి కనిపెట్టడానికి నాకు ఐదు సెలవులు పట్టింది.

పైగా నీది ఏసీ పని. ఎండాకాలంలో ఎలాగూ కంపెనీ వదలదు. జులై, ఆగస్టుల్లో అక్కడి బడులకు సెలవులు కాబట్టి కుటుంబాలన్నీ బయల్దేరతాయి, టికెట్లు మండిపోతాయి. దసరాకు కూడా రేటు ఎక్కువే ఉంటుంది, కాకపోతే మూడు నెలల ముందు కొనుక్కుంటే భరించొచ్చు. తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగే విమానం చూసుకో. బయటపడి, దారిలో ఎక్కడో టిఫిన్ చేసి, 200 కిలోమీటర్లు పైబడిన దారి పట్టినా పగటిపూటే ఇల్లు చేరతావు. రాత్రి చేరితే ఆ ఏడుపు, ఆ పలకరింపులు తెల్లవార్లూ సాగి బాబు బెదిరిపోతాడు. ఇంకో మాట, తీసుకురావడానికి కారు నిండా మనుషులు రావద్దని ముందే చెప్పు. బావమరిది ఒక్కడు చాలు. ఏడుగురు వస్తే నీ పెట్టెలు పైన కట్టుకుని, నువ్వు మధ్యలో ఇరుక్కుని రావాలి, దారి ఖర్చు కూడా నీదే.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం. దీన్ని నువ్వు అడగలేదు, ఎవరూ అడగరు.

4 ఏళ్లుగా మీ ఇంట్లో కరెంటు బిల్లు ఎవరు కట్టారు? యూరియా ఎవరు తెచ్చారు? బాబును బడిలో ఎవరు వేశారు? అమ్మకు బీపీ మాత్రలు ఎవరు కొన్నారు? మీ ఆవిడ. ఆమెకు ఒక లెక్క ఉంది, ఒక పద్ధతి ఉంది. ఎవరి దగ్గర అప్పుకు తేవచ్చో, ఎవరితో మాట పెట్టుకోకూడదో ఆమెకు తెలుసు. నువ్వు దిగగానే "ఇగ నేనొచ్చిన కద" అని ఇంటి పెద్దరికం చేతిలోకి తీసుకుంటే 45 రోజుల్లో అన్నీ తిరగేసి వెళ్లిపోతావు. తర్వాత సర్దుకునేది ఆమె. 2006లో నేను వచ్చిన నాలుగో రోజే మా పొలం కౌలుకు చేసుకుంటున్న ఆయనతో గొడవ పెట్టుకుని, వచ్చే పంటకు భూమి తీసేసుకుంటానని నోరు జారాను. నాకేమో కౌలు తక్కువ ఇస్తున్నాడనిపించింది. మా అమ్మకు జ్వరం వచ్చినప్పుడు అర్ధరాత్రి బండి మీద దవాఖానాకు తీసుకెళ్లింది ఆయనేనని నాకు తెలియదు. నేను తిరిగి వెళ్లాక మా ఆవిడ వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లి మాట సరిచేసుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి ఆమె నాకు మూడేళ్ల తర్వాత చెప్పింది.

అందుకే మొదటి పది రోజులు సొంతింట్లో చుట్టంలా ఉండు. ఏది ఎక్కడుందో చూడు, ఎవరు ఎందుకు వస్తున్నారో విను. టీవీ జరపకు, మంచం జరపకు, ఎవరినీ మందలించకు. నీకు నచ్చనిది కనిపిస్తే రాత్రి ఆమెను ఒక్కదాన్నే అడుగు, "ఇది ఇట్లెందుకు చేసినవ్" అని కాకుండా "ఇది ఎట్ల నడుస్తుంది" అని అడుగు. పది రోజుల తర్వాత కూడా నచ్చకపోతే అప్పుడు మాట్లాడుకోండి.

బాబు విషయమూ ఇంతే. 2 ఏళ్ల పిల్లవాడిగా వదిలి వెళ్లావు, ఇప్పుడు 6 ఏళ్లు. వాడికి నువ్వు బోటిమ్ వీడియో కాల్‌లో కనిపించే మనిషివి. మావాడు మూడో తరగతిలో ఉండగా నేను సెలవులో ఉన్నాను. అరుగు మీద కూర్చుని పేపర్ చదువుతున్నాను. ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నా ముందు నుంచే నడుచుకుంటూ వాళ్ల మేనమామ ఇంటికి వెళ్లి సంతకం పెట్టించుకొచ్చాడు. వాడిని ఎవరూ పంపలేదు, వాడికి అలవాటు అది. నేను ఆ కోపం మా ఆవిడ మీద చూపించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బాబును బడి దగ్గర దించిరావడం, తెచ్చుకోవడం, ఈ రెండే రోజూ చెయ్యి. పెద్ద షికార్లు, ఖరీదైన బొమ్మలు అంత పని చేయవు. ఇంకో చిన్న సంగతి: నువ్వు రోజూ అక్కడ రాత్రి 8కి ఫోన్ చేసేవాడివైతే ఇక్కడ తొమ్మిదిన్నర. నువ్వు ఇంట్లోనే ఉన్నా ఆ టైమ్‌కు మీ ఆవిడ, బాబు ఫోన్ వైపు చూస్తారు. గంటసేపు ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియదు. మొదటి వారం అలాగే ఉంటుంది, దానికి బాధపడకు.

ఇక నువ్వు అడిగినవి.

బంగారం. ఏడాదికి మించి బయట ఉండి వచ్చే మగవాడికి 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాముల వరకు సుంకం లేకుండా తేవచ్చు. అదీ నగల రూపంలోనే. బిస్కెట్లు, నాణేలు ఆ లెక్కలోకి రావు. 2016 నాటి నియమాల్లో ఆ 20 గ్రాములకు 50,000 రూపాయల విలువ పరిమితి కూడా ఉండేది. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొన్న వారంలోనే కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైట్ ఒకసారి చూసుకో, క్యాంపులో ఎవరో చెప్పారని నమ్మకు. బిల్లు జేబులో పెట్టుకో. పరిమితి దాటితే రెడ్ ఛానల్‌లోకి వెళ్లి చెప్పి సుంకం కట్టు. దాచి పట్టుబడితే పోయేది నగ మాత్రమే కాదు.

అసలు ఇప్పుడు దుబాయ్ బంగారం అంత లాభమా అంటే, మునుపటంత లేదు. 2024 జూలై బడ్జెట్‌లో మన దగ్గర బంగారం మీద సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు, అప్పటి నుంచి రెండు చోట్లా రేట్ల తేడా బాగా తగ్గింది. అక్కడి 5 శాతం వ్యాట్ పర్యాటకులకు తిరిగి ఇస్తారు, నీలాంటి రెసిడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఇవ్వరు. అమ్మకు గొలుసు కొనాలనుకుంటే అమ్మనే జగిత్యాల తీసుకెళ్లి, ఆమె చేత్తో ఎంచుకోనిచ్చి కొనిపెట్టు. నాకైతే అదే బాగుంటుందనిపిస్తుంది. కానీ అమ్మకు "నా కొడుకు దుబాయ్ నుంచి తెచ్చిండు" అని చెప్పుకోవాలని ఉంటే మాత్రం లెక్కలు చూడకు, అక్కడే కొను.

ఎవరి బంగారమూ మోయకు. "మా చెల్లె పెండ్లికి, రెండు తులాలే" అని రూమ్మేట్ అడిగినా సరే. టికెట్ డబ్బులు ఇస్తామని, బయట మనిషి వచ్చి తీసుకుంటాడని చెప్పేవాళ్లయితే ఇంక చెప్పక్కర్లేదు.

సామాన్లు. టాంగ్, నిడో, బాదం, పిస్తా, సబ్బులు అన్నీ ఇప్పుడు జగిత్యాల సూపర్ మార్కెట్లో దొరుకుతున్నాయి. 2006లో టాంగ్ డబ్బాకు ఉన్న మర్యాద ఇప్పుడు లేదు. నా అనుభవంలో ఇప్పటికీ ఇష్టంగా తీసుకునేవి మూడే: మంచి ఖర్జూరం, ముసలివాళ్లకు టైగర్ బామ్, యాక్స్ ఆయిల్ లాంటివి, చలికాలం ముందు వస్తున్నావు కాబట్టి అమ్మకు ఒక దళసరి దుప్పటి. ఇంటికో కిలో ఖర్జూరం లెక్కేసుకో. పెట్టెలు చదునుగా ఉండాలి. గుడ్డలో చుట్టి తాడుతో కట్టిన గుండ్రటి మూటలను దుబాయ్ విమానాశ్రయం 2017 నుంచి బెల్టు మీద వేయనివ్వడం లేదు, అక్కడికక్కడ అట్టపెట్టె కొనుక్కుని మళ్లీ సర్దాలి. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే. మందు సీసాల సంగతి అడుగుతావేమో, 2 లీటర్ల వరకు తేవచ్చు. అంతకు మించి దోస్తుల కోసం ఆశపడకు.

దోస్తులు. ఒక్కటే దావత్, మూడో వారంలో, అందరినీ ఒకేసారి పిలిచి. మొదటి వారంలో ఇస్తే రోజూ ఇవ్వాల్సి వస్తుంది. రోజుకొకడు "అన్నా, మనం కూసోలేదు ఇంకా" అని వస్తాడు. కల్లు, మటన్, చెట్ల కింద కూర్చోవడం, అంతకంటే పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. ఇంకోటి గమనించాను: దుబాయ్ కబుర్లు మొదటి అరగంటే వింటారు. ఆ తర్వాత ఊరి కబుర్లు వాళ్లు చెప్తుంటే వినేవాడే వాళ్లకు దోస్తు. నువ్వు లేని 4 ఏళ్లలో వాళ్లకూ చాలా జరిగాయి.

"ఎప్పుడొచ్చినవ్, ఎప్పుడు పోతవ్?" ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఊపిరిలో అడుగుతారు. మొదట్లో గుండెల్లో గుచ్చుకుంటుంది, పంపించడానికే చూస్తున్నారా అని. అది మన ఊళ్లలో "బాగున్నవా" లాంటి మాటే. నవ్వి తేదీ చెప్పెయ్యి.

పైసలు. ఎంత అని అంకె చెప్పను, నీ జీతం నాకు తెలియదు. కానీ ఒక మోసం ఉంది, జాగ్రత్త. చాలా కంపెనీలు సెలవు జీతం, బకాయిలు అన్నీ కలిపి బయల్దేరే ముందు చేతిలో పెడతాయి. ఒకేసారి చూసేసరికి చాలా ఉన్నట్టుంటుంది. తిరిగి వెళ్లాక మొదటి జీతం పడడానికి నెల, నెలన్నర పడుతుంది, అప్పటి తిండి ఖర్చు కూడా ఇందులోనిదే. అది ముందే తీసి అక్కడి అకౌంట్‌లోనే వదిలేసి రా. నేను 2006లో ఆ పని చేయలేదు. దావత్‌లకు, చీరలకు, ఎవరికో చేబదులుకు అంతా అయిపోయి, తిరుగు ప్రయాణానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చాను. దుబాయ్ నుంచి వచ్చినవాడు అప్పు చేసి దుబాయ్ పోయాడు. నెలకు 800 వడ్డీ, అది తీర్చడానికి ఏడాది పట్టింది. వెంట నోట్లు తెచ్చుకునేటప్పుడు మన రూపాయలైతే 25,000 దాటకూడదు, మిగతాది బ్యాంకు ద్వారా ముందే పంపుకో.

అప్పు అడిగేవాళ్లు వస్తారు. నీ మనసులో ఒక మొత్తం అనుకో, పోయినా బాధ లేనంత. అది ఒక్కరికో ఇద్దరికో నిజంగా అవసరమున్నవాళ్లకు ఇచ్చి, తిరిగి వస్తుందని లెక్కలో రాసుకోకు. మిగతావాళ్లకు మీ ఆవిడ పేరు చెప్పు, "లెక్కలన్నీ ఆమె చేతిలోనే" అని. అది అబద్ధం కూడా కాదు.

వీసా అడిగేవాళ్ల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంట్లు తప్ప ఎవరూ మనుషులను పనికి పంపకూడదు. నువ్వు పదివేలు తీసుకుని ఎవరికో అందించినా ఏజెంటు కింద లెక్క. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు ఉంటాయి, అది చూపించి పంపు. విజిట్ వీసా మీద వెళ్లి పని వెతుక్కుంటామనేవాళ్లను ఆపు. వింటారని కాదు, తర్వాత నిన్ను అనకుండా ఉంటారు.

కాగితాల పనులు. అన్నింటికంటే ముందు సిమ్. 90 రోజులు వాడకపోతే నంబర్ తీసేస్తారు. ఆధార్‌కు, బ్యాంకుకు ఆ నంబరే ఉంటే ఓటీపీ రాక అన్ని పనులూ ఆగుతాయి. పోయి ఉంటే రెండో రోజే ఆధార్ సెంటర్‌కు వెళ్లి కొత్త నంబర్ ఎక్కించు.

నాన్న పేరున భూమి ఉంటే విరాసత్, అంటే వారసుల పేరుకు మార్పు, అయిందో లేదో కనుక్కో. కాకపోతే మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టు. 2025 ఏప్రిల్ నుంచి భూమి రికార్డులకు భూభారతి చట్టం నడుస్తోంది. తహసీల్దార్ ఆఫీసులో విచారణ ఉంటుంది, వారసులకు నోటీసులు వెళ్తాయి. చివరి వారంలో పెడితే నువ్వు విమానం ఎక్కాక నీ సంతకం కోసం పిలుస్తారు. అక్కాచెల్లెళ్లు ఉంటే వాళ్లకూ నీతో సమానంగా హక్కు ఉంటుంది, అమ్మకూ ఉంటుంది. ఆ మాట తహసీల్దార్ ఆఫీసు వరండాలో మొదలుపెట్టకు. ముందు అక్కదో చెల్లెదో అత్తవారింటికి వెళ్లి, ఒక పూట తిని, అప్పుడు మాట్లాడు. అన్న సెలవుకొచ్చి సంతకం కోసం తప్ప గడప తొక్కలేదని ఆడపిల్ల అనుకుంటే అది భూమి కంటే పెద్ద తగాదా అవుతుంది. పని మిగిలిపోయేలా ఉంటే వెళ్లేముందు సబ్ రిజిస్ట్రార్ దగ్గర మీ ఆవిడ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ (నీ బదులు సంతకం పెట్టే అధికారం) రాసి రిజిస్టర్ చేయించు. దుబాయ్ వెళ్లాక రాస్తే కాన్సులేట్‌లో చేయించి, ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలి, రెట్టింపు తిరుగుడు.

బ్యాంకులో నీ పాత సేవింగ్స్ అకౌంట్ అలాగే ఉంటే ఎన్ఆర్ఓగా (బయట ఉండేవాళ్లకు ఇక్కడి రాబడి కోసం ఉండే ఖాతా) మార్పించు, అక్కడి నుంచి నువ్వు పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరువు, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. నామినీ దగ్గర ఇంకా నాన్న పేరే ఉందేమో చూడు. నాది 6 ఏళ్లు అలాగే ఉంది. నీ పాస్‌పోర్ట్ ఈసీఆర్ (పనికి వెళ్లేముందు ఎమిగ్రేషన్ అనుమతి కావాల్సినది) అయితే ప్రవాసీ భారతీయ బీమా ఉందో లేదో, గడువు దాటిందో చూసుకో. 2 ఏళ్లకు 275, 3 ఏళ్లకు 375 రూపాయల ప్రీమియం, బీమా 10 లక్షలు. పళ్ల నొప్పి ఉంటే మొదటి వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లు, రూట్ కెనాల్‌కు మూడు నాలుగు సార్లు తిరగాలి, చివర్లో వెళ్తే సగంలో ఆగుతుంది.

తిరుగు ప్రయాణంలో నువ్వు కంగారుపడాల్సింది ఒక్కటే, పార్సిళ్లు. "మా పిలగానికి ఇయ్యి" అని నలుగురు తెచ్చిస్తారు. ప్రతి పొట్లం విప్పి చూడు, వాళ్ల ముందే చూడు. తప్పుగా అనుకుంటే అనుకోనీ. గసగసాలు యూఏఈలో నిషేధం. మనకు మటన్ మసాలా, వాళ్లకు మాదకద్రవ్యం. మా క్యాంపులో ఒకాయన పక్కింటావిడ ఇచ్చిన మసాలా పొడితో వెళ్లి, అందులో గసగసాలు ఉన్నాయని విమానాశ్రయంలోనే ఆగిపోయాడు. ఆయనకు అందులో ఏముందో కూడా తెలియదు. నొప్పి మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందుల్లో కోడీన్, నిద్రమాత్రలు ఇవన్నీ ముందుగా అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. గుట్కా వద్దు. ఎండు కొబ్బరి కుడుకలు లగేజీలో వేయనివ్వరు, తేలిగ్గా అంటుకుంటాయని విమానాల్లో నిషేధం. సకినాలు, పచ్చళ్లు నిశ్చింతగా తీసుకెళ్లు, పచ్చడి మాత్రం చేతి సంచిలో కాకుండా గట్టిగా టేపు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టు.

ఇంకో వారం ఉందామనిపిస్తుంది. ఉండాలంటే కంపెనీతో ముందే మాట్లాడి కాగితం మీద తీసుకో. సెలవు అయిపోయాక సరైన కారణం లేకుండా వరసగా 7 రోజులకు మించి డ్యూటీకి రాకపోతే నోటీసు ఇవ్వకుండా తీసేసే అధికారం అక్కడి చట్టం కంపెనీకి ఇచ్చింది.

వెళ్లే తేదీ బాబుకు ముందే చెప్పు. గోడ మీది క్యాలెండర్‌లో వాడి చేతే గుర్తు పెట్టించు. వాడు ఏడుస్తాడని నిద్రపోతుండగా బయల్దేరమని ఇంట్లోవాళ్లు చెప్తారు, వినకు. నేను మూడుసార్లు అలా వెళ్లాను. నాలుగోసారి వచ్చినప్పుడు మావాడు రాత్రుళ్లు నా లుంగీ కొంగు పిడికిట్లో పట్టుకుని పడుకునేవాడు.

టికెట్ తేదీ తేలాక ఇక్కడే రాయి. మీ మండలం ఏదో చెప్తే విరాసత్‌కు ఏయే కాగితాలు పట్టుకెళ్లాలో ఆఫీసులో అడిగి తెలుసుకుని చెప్తాను. నాన్న మరణ ధ్రువపత్రం మాత్రం ఇప్పుడే మీ ఆవిడను తీసి పెట్టమను.